పండ్రెండుగురు ఆయగాండ్రు - ప్రజాప్రభుత్వము



ఇటీవల చంద్రగిరిలో కోట చెంతనున్న ఒక రచ్చబండమీద కూర్చుండియుండగా ఇద్దరు పెద్దలకు వాదము పుట్టినది. "ఓటు, అసెంబ్లీ, పంచాయతి, ఇవన్నియు తెల్లవాడు మనకు నేర్పి పోయినవే గదా" అని ఒకరు. "కాదు బావా! మన తాతలనాడు పంచాయతి లేదా? అయిదుగురు పెద్దలు చింతచెట్టు క్రింద కూర్చుండి తీర్పు చెప్పలేదా? తెల్లవాడు మనకు నేర్పుట యేమి?" అని మరియొకరు. ఇద్దరును నావంక తిరిగి, చదువుకొన్నవాడవు గదా, తీర్పు చెప్పుమనిరి. నేను తడబడితిని. ఇద్దరి మాటలోను కొంత నిజము కలదు; ఇద్దరి మాటలోను కొంత పొరపాటు కలదు. నాడు చెప్పలేకపోయిన సమాధానమును నేడు మీ యెదుట విన్నవించుకొందును.

వాదము జరిగిన చోటికి కూతవేటు దూరమున రాజమహలున్నది. విజయనగర ప్రభువుల కడపటి రాజధానులలో చంద్రగిరి యొకటి. 1639వ సంవత్సరమున తూర్పు ఇండియా కంపెనీవారు సముద్రతీరమున కోట కట్టుకొనుటకు కొంత స్థలమును సంపాదించిరి. ఇచ్చినవాడు దామెర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయనకు పైప్రభువు చంద్రగిరి రాయలు. నాయకుని తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్నము వెలసినది. 1645లో శ్రీరంగరాయలు కంపెనీవారికి ఆ దానమును మరల స్థిరపరచెను. ఆ పత్రము ఈ రాజమహలునందే వ్రాయబడెనని మన ప్రాంతమున చెప్పుకొనుట మీరెరుగుదురు.

ఆ స్థలమున చేపలు పట్టుకొని బ్రతుకువారు, ఉప్పు పండించువారు, ఇసుకనేలలో పైరులు వేయువారు ఉండిరి. మిమ్ము ఫలానావారికి ఒప్పగింపవచ్చునా యని వారినెవ్వరును అడుగలేదు. అడుగవలెనని రాయలకు తోచలేదు, కంపెనీవారికిని తోచలేదు, బహుశః ఆ బెస్తలకును తోచియుండదు. భూమి రాజుది; రాజు ఇచ్చును, పుచ్చుకొనువాడు పుచ్చుకొనును. నాటి ధర్మమది. ఐరోపాలోను నాడు అంతే.

అదే సంవత్సరమున ఇంగ్లండులో జాన్ లాక్ అను బాలునికి ఏడేండ్ల వయస్సు. ఏబదియేండ్ల తరువాత, 1689లో, అతడు ఒక గ్రంథమును ప్రకటించెను. అందలి సారమును మన మాటలలో చెప్పుకొన్నచో ఇది: ఏ మనుష్యుడును పుట్టుకచేత మరియొకని ఏలుబడికి లోబడినవాడు కాడు, ప్రభుత్వము ప్రజల సమ్మతిమీద నిలుచును, సమ్మతి తప్పిన ప్రభువును తొలగించుటకు ప్రజలకు అధికారము కలదు. తరువాతి నూరేండ్లలో ఈ భావము పలుతెరగుల విస్తరించినది. చట్టము చేయువాడును, నడపువాడును, తీర్పు చెప్పువాడును ఒక్కడే కారాదని ఫ్రాన్సు దేశమున మాంటెస్క్యూ 1748లో వాదించెను. రూసో 1762లో ప్రజలే ప్రభువులనెను. 1776లో అమెరికావారును, 1789లో ఫ్రెంచివారును ఈ మాటలను పుస్తకములలోనుండి వీథిలోనికి తెచ్చిరి. ఈ కాలమునకే జ్ఞానోదయయుగమని పేరు.

జర్మను తత్త్వవేత్త కాంటు 1784లో ఈ జ్ఞానోదయమనగా నేమో వివరించుచు ఒక పోలిక చెప్పెను. మీకు అది బాగుగ తెలిసిన పోలిక. మనుష్యుడు మైనరుతనమునుండి వెలువడుటయే జ్ఞానోదయమని ఆయన అభిప్రాయము. తన బుద్ధిని తాను వినియోగించుకొను ధైర్యములేక ఎవరో గార్డియను చెప్పినట్లు నడచుట మైనరుతనము. గార్డియనులు తమ చేతిక్రింది వారిని ఎన్నటికిని మేజరులు కానీయకుండ చూతురని కూడ ఆయన హెచ్చరించెను.

మైనరు ఆస్తిని గార్డియను నడుపుట మన పల్లెలలో కొత్త సంగతి కాదు. మంచి గార్డియనులును కలరు. కాని మైనరునకు ఈడు వచ్చినదని ఒప్పుకొనవలసిన దినమున, "ఇంకను వానికి లోకజ్ఞానము చాలదు, మరి రెండేండ్లు చూతము" అను గార్డియనును మనమందరము చూచినవారమే. హిందూదేశముపట్ల ఇంగ్లీషువారి ఆలోచన అంతయు ఈ ఒక్క వాక్యములో ఇమిడియున్నదని నా తలంపు. మానవులందరు సమానులని బోధించిన యుగమే, జాతులన్నియు నాగరకతయను నిచ్చెన మెట్లమీద పైకి క్రిందికి నిలిచియున్నవని కూడ బోధించినది. పైమెట్టువాడు క్రిందిమెట్టువానికి గార్డియను. మొదటి బోధ ఇంటికి, రెండవది కాలనీకి. సమ్మతిని గురించి అంత వ్రాసిన లాక్ సహితము అమెరికాలోని కరోలినా భూస్వాములకు కార్యదర్శిగ పనిచేసెను. ఆ కాలనీ నిబంధనలలో బానిసపై యజమానునికి సంపూర్ణాధికారము వ్రాయబడియుండెను.

ఇక మన సీమకు వత్తము.

1800వ సంవత్సరమున నైజాము ఇచ్చివేసిన దత్తమండలములకు, అనగా బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలు ప్రాంతములకు, తామస్ మన్రో ప్రధాన కలెక్టరుగ వచ్చెను. మన మదనపల్లె, వాయల్పాడు సీమలు నాడు కడపలో చేరినవే. చంద్రగిరి మాత్రము ఆర్కాటు నవాబు రాజ్యముతో 1801లో కంపెనీ చేతికి వచ్చి ఉత్తరార్కాటు జిల్లాలో చేరినది. మన్రో గ్లాస్గో నగరమున పుట్టి అచ్చటి విశ్వవిద్యాలయమున చదివినవాడు. అర్థశాస్త్రమునకు పితామహుడనదగిన ఆడం స్మిత్ అంతకుముందు బోధించినది ఆ విద్యాలయముననే. తరువాత 1820నుండి 1827వరకు మన్రో చెన్నపురి గవర్నరు. 1827లో పత్తికొండలో కలరాచే మరణించెను. రాయలసీమలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్నవారు కలరు; తిరుమలలో మన్రో గంగాళమును మీరు వినియే యుందురు. ఇంతగా మనవారు అభిమానించిన తెల్లదొర మరియొకడు లేడు. కావుననే ఆయన మాటను జాగ్రత్తగ పరిశీలింపవలెను.

1806లో మన్రో దత్తమండలములనుండి పంపిన ఒక నివేదికలో మన పల్లెను వర్ణించెను. పండ్రెండుగురు ఆయగాండ్రతో కూడిన ప్రతి గ్రామమును ఒక చిన్న గణరాజ్యమువంటిదనియు, గ్రామపెద్ద దానికి తలకాయయనియు, హిందూదేశమంతయు ఇట్టి గణరాజ్యముల రాశియనియు ఆయన భావము. గణరాజ్యమనగా రాజులేని రాజ్యము; ప్రజలే తమ్ము తాము ఏలుకొనునది. రెడ్డి, కరణము, తలారి, నీరుగంటి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, పురోహితుడు మున్నగువారు కళ్ళమున తమ మేర పుచ్చుకొని ఊరి పని నడుపుచుండిన పద్ధతిని చూచి, రోము నగరపు చరిత్ర చదివిన ఆ స్కాచివాడు ఆ గొప్ప పేరు పెట్టెను.

పేరు పొగడ్తయే. కాని దాని వెంటనే మరియొక మాట కలదు. రాజ్యములు విరిగినను ఏర్పడినను పల్లెవారు లక్ష్యపెట్టరు. తమ ఊరు చెదరక నిలిచినంతవరకు అది ఏ ప్రభువు చేతికి పోయినను వారికి చింతలేదు. ఇది ఆ వర్ణనలో రెండవ భాగము. ఈ వర్ణన 1812లో పార్లమెంటు సభవారి అయిదవ నివేదికలో అచ్చుపడి ఐరోపాయంతయు తిరిగినది. దాని అర్థము ఆలోచింపుడు. పల్లెవారికి రాజెవడైనను ఒక్కటియే యన్నచో, కంపెనీ రాజైన వారికేమి? ఊరిని ఏలుకొనుటకు మీరు తగినవారు. దేశమును మాకు వదలుడు. మొదట చెప్పిన లాకు ప్రశ్న, ప్రజల సమ్మతి యేదీ యను ప్రశ్న, ఇట్లు ఎవరు నడుగకయే అణగిపోయినది.

పల్లెవారికి చింతలేదను మాట నిజమేనా? శిస్తు హెచ్చినచో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీచేసి అడవులకును, ప్రక్క పాళెగాని సీమకును వలసపోవుట మన ప్రాంతమున పాత అలవాటు. అది అసమ్మతి కాక మరేమి? ఓటు లేనివాడు కాళ్ళతో చెప్పిన జవాబది.

మన్రో పద్ధతికి ఎదురుగా మరియొక పద్ధతి నాడు నడచుచుండెను. బెంగాలులో కారన్‌వాలిసు 1793లో జమీందారులను భూమికి యజమానులనుగ స్థిరపరచెను. ఆస్తి స్థిరమైనచో వ్యవసాయము దానంతట వృద్ధిపొందునని ఐరోపా పండితులు నమ్మిన సిద్ధాంతము దాని వెనుక నున్నది. 1802లో ఆ పద్ధతి చెన్నపురి రాజధానికిని వచ్చినది. కాళహస్తి, కార్వేటినగరము జమీందారీలుగ నిలిచినవి. మన్రో మాత్రము సర్కారునకును రైతునకును నడుమ ఎవ్వరు వలదనెను. అదే రైత్వారీ. రైతుపేర పట్టా, ఏటేట జమాబందీ. జమీందారులను ప్రభుత్వము 1948నాటి చట్టముచే తొలగించినపుడు రైత్వారీయే అంతట నిలిచినది. ఈ విషయమున మన్రోకు మనము ఋణపడియున్నామనుటకు నాకు సంకోచములేదు.

గ్రామమునకు న్యాయాధికారము నిచ్చినదియు ఆయనయే. 1816లో వచ్చిన నాల్గవ శాసనముచేత గ్రామపెద్ద గ్రామమునసబై పది రూపాయలలోపు దావాలను తీర్చుటకు అధికారము పొందెను. అయిదవ శాసనము పంచాయతీలకు చట్టపు రూపమిచ్చినది. ఆ పంచాయతీలు పెద్దగ సాగలేదు. మునసబు మాత్రము 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామాధికారుల ఉద్యోగములను తీసివేయువరకు మన ఊళ్ళలో నిలిచెను. మీలో కొందరు మునసబుగారి చావడిలో కూర్చుండినవారే.

అదే 1816లో పదునొకండవ శాసనమును వచ్చినది. దీనిని గురించి మన పెద్దలు తక్కువగ చెప్పుకొందురు. ఊరిలో చిన్న తిట్టులాట, కొట్లాట జరిగినచో గ్రామపెద్ద తప్పుచేసినవానిని పండ్రెండు గంటలు మించకుండ చావడిలో నిర్బంధింపవచ్చును. ఆ మనుష్యుడు తక్కువ కులమువాడై, అంతటి అవమానకరమైన శిక్ష వానికి అనుచితము కాదని తోచినచో, ఆరుగంటలవరకు బొండకొయ్యలో వేయవచ్చును. తప్పు ఒక్కటే, కాళ్ళు మాత్రము కులమునుబట్టి వేరు! చిన్న గణరాజ్యమున పౌరులెవరో, పౌరులు కానివారెవరో ఈ ఒక్క నిబంధన తేటపరచుచున్నది. తలారి, వెట్టివాడు, మాలపల్లె, మాదిగపల్లె పనిచేయుటకు ఊరిలోనివారు, తీర్పు చెప్పుటకు కారు. స్త్రీల మాట చెప్పనక్కరయే లేదు.

కాంచీపురమునకు చేరువనున్న ఉత్తరమేరూరు శాసనములను మన పూర్వుల ప్రజాస్వామ్యమునకు సాక్ష్యముగ పలువురు చూపుదురు. పదవ శతాబ్దిలో, చోళరాజు పరాంతకుని కాలమున, తాటాకులమీద పేళ్ళు వ్రాసి కుండలో వేసి బాలునిచే తీయించి సభ్యులనెన్నుకొనిరి. గర్వింపదగిన సంగతియే. లెక్కలు చెప్పనివాడు మరల నిలువరాదను నిబంధన నేటికిని ఆదర్శమే. కాని అది బ్రాహ్మణ అగ్రహారపు సభ. భూమియు, సొంత ఇల్లును, వేదవిద్యయు గలవానికే ఆ కుండలో చోటు. ఉన్నదానిని ఉన్నంతవరకు మెచ్చుకొందము.

మన్రో మనస్సునకు మరల వత్తము. 1824 చివర వ్రాసిన దీర్ఘలేఖలో ఆయన, మన ప్రజలు తమ ప్రభుత్వమును తామే చక్కగ నడుపుకొనగల దినము వచ్చునని ఆశించెను. ఆ దినమువరకే ఇంగ్లీషు ఏలుబడి యుండవలెననియు, అట్లు విడిపోవుట ఇరువురికిని మేలనియు అభిప్రాయపడెను. ఆ కాలమున అధికారములోనున్నవాడు ఇంతమాట వ్రాయుట సామాన్యము కాదు. కాని అదే మన్రో 1822లో, వార్తాపత్రికలకు స్వేచ్ఛనిచ్చుటయు పరదేశీయుల ఏలుబడి సాగుటయు ఒక్కచోట పొసగవని వ్రాసి పత్రికాస్వేచ్ఛను వ్యతిరేకించెను. మైనరు మేజరు కావలెను. కాని చదువుకొని ప్రశ్నింపరాదు! మంచి గార్డియను మనస్సులోని చిక్కు ఇది. మన్రో కపటి యని నేననను. ఆయన నిజాయితీపరుడు కావుననే ఆ చిక్కు అంత స్పష్టముగ కనబడుచున్నది.

ఆ తరువాతి తత్త్వవేత్తలకు ఈపాటి దాక్షిణ్యమును లేదు. జేమ్స్ మిల్లు హిందూదేశమున అడుగుపెట్టకయే 1817లో మన చరిత్రను పెద్దగ్రంథముగ వ్రాసి మనలను నిచ్చెన క్రిందిమెట్టున నిలబెట్టెను. ఆయన కుమారుడు జాన్ స్టూవర్ట్ మిల్లు 1823నుండి 1858వరకు లండనులోని కంపెనీ కచ్చేరిలో ఉద్యోగి. 1859లో స్వేచ్ఛనుగూర్చి ఆయన వ్రాసిన గ్రంథమును లోకమంతయు నేటికిని చదువుచున్నది. అందులోనే, ఈ సిద్ధాంతము పిల్లలకును, వెనుకబడిన సమాజములకును వర్తింపదని మినహాయించెను. అంత గొప్ప గ్రంథమున అంత చిన్న వాక్యమొకటి మన దేశమంతటిని గడప వెలుపల నిలిపినది.

ఆ నడుమ గార్డియను ఏలుబడిలో రైతు స్థితి యెట్లుండెను? చెన్నపట్నమున తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు 1852లో చెన్నపురి దేశీయ సంఘమును స్థాపించి, శిస్తుల భారమునుగూర్చియు, న్యాయస్థానముల జాప్యమునుగూర్చియు పార్లమెంటునకు మహజరు పంపిరి. శిస్తు వసూలునకై రైతులను హింసించుచున్నారని ఆయన మొరపెట్టగా, పార్లమెంటు సభ్యుడొకడు స్వయముగ వచ్చి పల్లెలు తిరిగి చూచెను. 1854లో విచారణసంఘము ఏర్పడి 1855లో నివేదిక ప్రకటించినది. వ్రేళ్ళను కిట్టిలో బిగించుట, మెడను వంచి కాలిబొటనవ్రేలికి త్రాటితో కట్టి ఎండలో నిలబెట్టుట, ఇవి నిజమేయని అందు వ్రాసిరి. చేసినవారు దొరలు కారు. తాలూకా బంట్రోతులు, గ్రామోద్యోగులు, అనగా మనవారే.

లక్ష్మీనరసు సెట్టిగారు చేసిన పని యేమనగా, గార్డియను పుస్తకమునే గార్డియను ముఖమున చూపుట. ప్రభుత్వము చట్టమునకు లోబడవలెననియు, పన్ను కట్టువాని మొర వినవలెననియు మీ గ్రంథములే చెప్పుచున్నవి గదా, మా రైతునకు అవి వర్తింపవా యని అడుగుట. తరువాత తొంబదియేండ్లు మన జాతీయోద్యమము అడిగినది ఈ ప్రశ్నయే.

చిన్న గణరాజ్యమను మాటకు కూడ ఇట్టి తిరుగుబాటే కలిగినది. మన్రో తరువాత 1830లో మెట్‌కాఫ్ ఉత్తరదేశపు పల్లెలనుగూర్చి ఇంచుమించుగ అదే మాట వ్రాసెను. 1853లో కార్ల్ మార్క్సు ఆ వర్ణనలనే చదివి, ఈ పల్లెలే నిరంకుశ ప్రభుత్వమునకు పునాదియని తూలనాడెను. 1871లో హెన్రీ మెయిను అను న్యాయశాస్త్రజ్ఞుడు గ్రామసమాజములమీద ఒక గ్రంథము వెలువరించెను. ఆ గ్రంథము దక్షిణాఫ్రికాలో ఒక యువ న్యాయవాది చేతికి చిక్కినది. నేటాలు ప్రభుత్వమువారు 1894లో హిందూదేశీయులకు ఓటు తీసివేయబూనిరి. చెన్నపట్నపు రేవున ఓడనెక్కి చెరకుతోటలకు పోయిన మన తెలుగు, తమిళ కూలీల సంతతివారును అందులో చేరుదురు. ప్రాతినిధ్యమనగా నేమో వీరెరుగరని ఆ ప్రభుత్వపు వాదము. దానికి ఉత్తరముగ మోహనదాసు గాంధి వ్రాసిన మహజరులో మెయినును సాక్షిగ పిలిచి, మా పల్లెలలో అనాదిగ పంచాయతులు కలవు, ఎన్నిక మాకు కొత్త కాదని వాదించెను. దేశమును వదలి ఊరితో తృప్తిపడుడని తెల్లవారు చెప్పిన మాటనే తీసికొని, ఊరు నేలగలవారము దేశమునేల నేలలేమని తిప్పికొట్టెను.

వాదము నెగ్గలేదు. 1896లో నేటాలు చట్టము ఓటును తీసివేసినది. అందు హిందూదేశీయులని పేరెత్తలేదు; పార్లమెంటరీ ఎన్నికల సంస్థలు ఇంతవరకు లేని దేశములవారికి ఓటు లేదని వ్రాసిరి. ఆ సంస్థలు ఈయని వారెవరో చట్టము చెప్పలేదు.

ఇచ్చట ఈయవలసిన భాగమును చెంచాలతో పెట్టిరి. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనను ప్రజలకు రాజకీయ విద్యాభ్యాసముగ ప్రకటించెను. విద్యాభ్యాసమను మాటలో మైనరు మరల కనబడుచున్నాడు. 1884లో చెన్నపురి లోకల్ బోర్డుల చట్టము. 1909లో శాసనసభలకు కొంత ఎన్నిక. 1919 చట్టముతో కొన్ని శాఖలు దేశీయ మంత్రుల చేతికి. కాళహస్తిలో జన్మించిన పానుగల్లు రాజా రామరాయణింగారు 1921నుండి 1926వరకు చెన్నపురి ముఖ్యమంత్రిగ నుండిరి. చిత్తూరు చెంత కట్టమంచిలో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన రామలింగారెడ్డిగారు ఆ శాసనసభలో ప్రవేశించిరి. ఐరోపా అర్థశాస్త్రమును తెలుగున వ్రాసి మన పఠితలకు అందించినదియు వారే. కాని 1920నాటి ఎన్నికలకు ఈ రాజధానిలో నాలుగు కోట్లకు మించిన జనములో ఓటర్లు సుమారు పన్నెండు లక్షలు. భూమిశిస్తో, పన్నో కట్టువానికే ఓటు. 1921లో చెన్నపురి శాసనసభ స్త్రీలకు ఓటునొప్పుకొన్నది, కాని శిస్తు కట్టు ఆడువారెందరు? 1935 చట్టము తరువాతకూడ బ్రిటిషు ఇండియాలో ఓటు జనములో కొద్దిభాగమునకే దక్కినది.

ఇప్పుడు రచ్చబండ వాదమునకు అసలు తీర్పు జరిగిన చోటికి వచ్చితిమి. అది 1948 నవంబరు, ఢిల్లీలో రాజ్యాంగసభ.

నవంబరు 4వ తేదీన డాక్టరు అంబేడ్కరు రాజ్యాంగపు చిత్తును సభయెదుట ఉంచుచు, గ్రామమును పునాదిగ చేయలేదని నిందించువారికి ఉత్తరమిచ్చెను. మెట్‌కాఫ్ వర్ణనను చదివి, ఈ గ్రామగణరాజ్యములే దేశమునకు చేటు తెచ్చినవనియు, గ్రామము సంకుచితత్వమునకును అజ్ఞానమునకును కులభేదమునకును ఉనికిపట్టనియు, వ్యక్తినే మూలముగ తీసికొన్నందుకు సంతోషించుచున్నాననియు పలికెను. సభ కలవరపడెను. పల్లెను ప్రేమించువారికి ఆ మాట నేటికిని ములుకువలె గ్రుచ్చుకొనును. కాని 1816నాటి బొండకొయ్యను గుర్తుంచుకొనుడు. ఆ కొయ్యలో కాళ్ళుపెట్టదగినవారని చట్టము పేర్కొన్నవారి బిడ్డడు చెప్పిన మాట అది.

ఎదురు పలికినవారిలో మనవారొకరు కలరు. తిరుచానూరున 1891లో జన్మించి, తరువాత లోకసభకు అధ్యక్షులైన మాడభూషి అనంతశయనము అయ్యంగారు. ఎన్నడో ఒకమారు జనమును ప్రోగుచేసి ఫలానావారిని ఎన్నుకొనుడని, ఆవల చెదరగొట్టుట ప్రజాప్రభుత్వము కాదని వారి వాదము. ఏ ప్రభుత్వము వచ్చినను గ్రామపంచాయతులను స్థాపించి వానికి అధికారమును ధనమును ఈయవలెనని ఆదేశసూత్రములలో చేర్పుడని వారు కోరిరి. అదే నెలలో అట్టి సూత్రము సభయందు ఆమోదింపబడినది. అదే నేటి 40వ అధికరణము.

నా బుద్ధికి తోచినంతలో ఇద్దరును ఒప్పే. అంబేడ్కరుగారు మనుష్యునికి ఓటునిచ్చిరి; అయ్యంగారు ఆ ఓటునకు దినదినము పని కల్పింపగోరిరి. మొదటిది 1951-52 ఎన్నికలలోనే నెరవేరినది. ఇరువది యొక్కటేండ్లు నిండిన ప్రతివానికి, ప్రతి స్త్రీకి ఓటు. శిస్తు అడుగలేదు, చదువు అడుగలేదు, కులము అడుగలేదు. ఓటర్లు పదిహేడు కోట్లకు పైమాట. ఈడు వచ్చినదా లేదా యని పరీక్షింపకయే దేశమంతటిని ఒక్కమారుగ మేజరుగ ప్రకటించుట ఏ గార్డియనును చేయని పని. ఇంగ్లండు సహితము తన ప్రజలకు అట్లు చేయక, మెట్టుమెట్టుగ 1928కి గాని స్త్రీపురుషులకు సమానముగ ఓటునీయలేదు. ఆ ఎన్నికలలో తిరుపతినుండి లోకసభకు పోయినది అయ్యంగారే.

స్వేచ్ఛ, సమానత్వము, సౌభ్రాతృత్వము అను మూడు మాటలు మన రాజ్యాంగపు పీఠికలో కలవు. ఇవి ఫ్రెంచివారి ఎరువుసొమ్మని అనువారు కలరు. 1954 అక్టోబరు 3వ తేదీన అంబేడ్కరుగారు, నేను నేడు మీతో మాటలాడుచున్నట్లే, ఆకాశవాణిలో మాటలాడుచు, తాను వానిని ఫ్రెంచి విప్లవమునుండి తీసికొనలేదనియు, తన గురువైన బుద్ధుని బోధనుండి గ్రహించితిననియు తెలిపిరి. రచ్చబండ మీది పెద్దలిద్దరికి నేను చెప్పదలచినది ఇదే. ఏ భావము ఏ ఊరిలో పుట్టినదను లెక్క అంత తేలికగ తేలదు. ఐరోపావాడు మన పల్లెను చూచి గణరాజ్యమనెను. మనవాడు ఆ మాటను పట్టుకొని దేశమునడిగెను. అడిగిన తరువాత ఆ గణరాజ్యములో చోటులేనివారు లేచి మా మాట యేమనిరి.

రెండవది, పల్లెకు అధికారమిచ్చుట, చాలకాలము కాగితముమీదనే నిలిచెను. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ ప్రారంభమైనను, ఎన్నికలు ఏండ్లకొలది వాయిదాపడిన సందర్భములు కలవు. 1993 ఏప్రిలు 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ సవరణ, అయిదేండ్లకొకమారు ఎన్నిక జరిగితీరవలెననెను. షెడ్యూల్డు కులములకును తెగలకును జనాభానుబట్టి, స్త్రీలకు మూడవవంతు తక్కువకాకుండ స్థానములు కేటాయింపవలెననెను. ఆంధ్రప్రదేశ్ స్త్రీల వంతును తరువాత సగమునకు పెంచినది. గ్రామసభయను మాటయు ఆ సవరణలోనిదే. ఊరి ఓటర్ల పట్టీలో పేరున్న ప్రతివారును ఆ సభకు సభ్యులు. ఎన్నుకొనబడిన వారు కారు, ఎన్నుకొనువారే.

ఈ సంగతులు విన్న తరువాత మొదటి పెద్ద, "అయితే మా ఊరి గ్రామసభ యెప్పుడు జరిగినది?" అని అడిగిరి. రెండవవారు నవ్వి, దండోరా వేసినట్లు గుర్తున్నదనియు, తాము పోలేదనియు చెప్పిరి. మాలపల్లెనుండి వచ్చి మావెనుక నిలుచుండి వినుచున్న ఒక ముదుసలి ఆమె మాత్రము, "నేను పోయినా సామీ, బోరు నీళ్ళ సంగతి అడిగి, పుస్తకంలో రాయించి వచ్చినా" అనెను.